అద్దం అవతల అప్పయ్య

ప్రొడ్యూసరు అనగానే మన కళ్ళముందు ఒక మనిషి ప్రత్యక్షమవుతాడు. తెల్లటి లాల్చీ, వేళ్ళకి వుంగరాలు, చంకలో డబ్బు సంచీ, వెనకాల నలుగురు మనుషులు. సినిమా తీయడానికి పొలం అమ్ముకున్నవాడు, లేదంటే సినిమా తీసి పొలం కొన్నవాడు. తెలుగులో ఆయన్ని నిర్మాత అని గౌరవంగా పిలుస్తాం. ఆ అర్థానికి మనం ఎంత అలవాటు పడిపోయామంటే, పాటకి కూడా ఒక ప్రొడ్యూసరు వుంటాడనీ, డబ్బు పెట్టడం ఆయన పని కాదనీ చెబితే కాస్త వింతగానే వుంటుంది.

గ్రామఫోను రికార్డుల లోకంలో ఆ మాటకి అర్థం వేరు. పెళ్ళి పోలికతో చెబుతాను, మీకు చప్పున తెలుస్తుంది. పెళ్ళికి ఖర్చు పెట్టేది పెళ్ళికూతురి తండ్రి. మంత్రాలు చదివేది పురోహితుడుగారు. అందరూ చూసేది పెళ్ళికూతుర్ని. అయితే ప్రతి పెళ్ళిలోనూ ఒక మేనత్తో, పెద్దమ్మో వుంటుంది చూడండి. తలంబ్రాల పళ్ళెం ఎక్కడ పెట్టారో ఆవిడకే తెలుసు. వియ్యపురాలు కాఫీలో పంచదార ఎంత వేసుకుంటుందో ఆవిడకే తెలుసు. రెండో బంతికి పులిహోర సరిపోదని అందరికంటే గంటముందు కనిపెట్టేదీ ఆవిడే. తీరా ఆల్బమ్ వచ్చాక చూస్తే ఒక్క ఫోటోలోనూ ఆవిడ వుండదు. రికార్డు ప్రొడ్యూసరంటే ఆ మేనత్త అన్నమాట! ఏ పాట, ఎవరి గొంతు, ఏ శ్రుతి, వయొలిన్లు ఎన్ని, డ్రమ్ము ఎంత గట్టిగా మోగాలి, ఎన్నోసారి పాడింది వుంచాలి, ఏది చెరిపెయ్యాలి, ఇవన్నీ ఆయన తేల్చాల్సినవే. స్టూడియోలో గాయని ఒక గదిలో నిలబడి పాడుతుంది. మధ్యలో పెద్ద అద్దం. ఆ అద్దానికి అవతల కూర్చుని వినేవాడు ప్రొడ్యూసరు.

అలా అద్దం అవతల కూర్చున్న ఒకాయన కథ ఇవాళ చెప్పాలనుకుంటున్నాను. ఆయన కూడా ఒకప్పుడు ఇవతలవైపే నిలబడి పాడినవాడు. పేరు బిద్దు. పూర్తిపేరు బిద్దు అప్పయ్య. అప్పయ్య అంటే మన పల్లెటూళ్ళో కరణంగారి పేరులా లేదూ? కానీ ఈయన కొడగు కుటుంబంలో, 1945లో, బెంగుళూరులో పుట్టాడు. పేరు వినలేదని మీరనవచ్చు. ఆయన పాట మాత్రం వినే వుంటారు. 1980లో పెళ్ళిపందిళ్ళలోనూ, వినాయకుడి పందిళ్ళలోనూ తేడా లేకుండా మైకులో మోగిన ‘ఆప్ జైసా కోయీ’ ఆయనదే. 1995లో పిల్లలంతా టీవీముందు చేరి చూసిన ‘మేడిన్ ఇండియా’ ఆయనదే. మనం పాడినవాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకున్నాం, పాడించినవాడి పేరు మరిచిపోయాం.

ఆయన కుర్రతనం రేడియో సిలోన్ నీడలో గడిచింది. ఆ రేడియో సంగతి మనకి కొత్తగా చెప్పాలా? బుధవారం రాత్రి అమీన్ సయానీ గొంతుకోసం మనం రేడియోకి చెవులప్పగించి కూర్చున్నది ఆ స్టేషన్‌కే. మనం హిందీపాటల దగ్గర ఆగిపోయాం. బెంగుళూరులో ఈ కుర్రాడు అదే స్టేషన్‌లో ఇంగ్లీషు పాటలు విన్నాడు. 1960ల్లో బీటిల్స్ గాలి ఇంగ్లండునుంచి బయల్దేరి ప్రపంచమంతా వీచింది. అది బెంగుళూరునీ తాకింది. బిద్దు గిటారు పట్టాడు. స్నేహితులతో కలిసి ‘ట్రోజన్స్’ అని ఒక జట్టు కట్టాడు. ఆ రోజుల్లో గిటారు పట్టుకున్న కుర్రాడంటే మధ్యతరగతి ఇళ్ళల్లో ఎలాటి మర్యాద వుండేదో వేరే చెప్పక్కర్లేదు. ఆడపిల్ల తల్లి వాణ్ణి చూడగానే వీధితలుపు దగ్గరగా వేసేది. ఇంజనీరో, డాక్టరో, బ్యాంకు గుమాస్తాయో కావలసిన వయసులో జుట్టు పెంచుకుని ఇంగ్లీషు పాటలు పాడటం అనే సంగతి ఏ పెళ్ళిసంబంధంలోనూ చెప్పుకోదగ్గది కాదు.

అయినా ఆ జట్టు బెంగుళూరు దాటింది. కలకత్తాలో పార్కు స్ట్రీటులో ట్రింకాస్ అనే హోటలు వుంది. తరవాతి రోజుల్లో ఉషా ఉతుప్ పట్టుచీర కట్టుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని పాడి పేరు తెచ్చుకున్నది అక్కడే. ట్రోజన్స్ కూడా అక్కడ పాడారు. తరవాత జట్టు చెదిరిపోయింది. జట్టన్నాక చెదరక మానదు. ఒకడికి ఉద్యోగం వస్తుంది, ఒకడికి పెళ్ళవుతుంది, ఒకడికి నాన్నగారి కోపం వస్తుంది. బిద్దు మాత్రం ఒక్కడే గిటారు వేసుకుని, ‘ఒంటరి ట్రోజన్’ అని పేరు పెట్టుకుని, బొంబాయిలో పాడుకుంటూ వుండిపోయాడు. ఆ పేరులో నవ్వూ వుంది, కాస్త దిగులూ వుంది.

1967లో, ఇరవై రెండేళ్ళ వయసులో, ఆ గిటారుతోనే ఇంగ్లండు బయల్దేరాడు. మధ్యప్రాచ్యం దేశాలమీదుగా, అక్కడా అక్కడా పాడుకుంటూ, దొరికిన బండెక్కుతూ వెళ్ళాడు. వెళ్ళేసరికి లండన్‌లో ఈయనకోసం ఎవరూ దండలు పట్టుకుని నిలబడలేదు. ఇంగ్లీషు పాటలు పాడేందుకు ఇంగ్లీషువాళ్ళే వీధికి పదిమంది వున్న వూరు అది. ఆ వూళ్ళో ఒక ఇండియన్ కుర్రాడు ఇంగ్లీషు పాప్ పాడతానంటే ఎవరికి కావాలి? సితారు వాయిస్తానంటే ఆసక్తిగా చూసేవారేమో! పొట్టపోసుకోవడానికి అమెరికన్ ఎంబసీ వంటింట్లో పనికి కుదిరాడు. ఆ జీతంలో మిగిల్చిన డబ్బుతో స్టూడియో అద్దెకి తీసుకుని పాటలు రికార్డు చేసుకునేవాడు. తన గొంతుతో రికార్డు కూడా వచ్చింది. లోకం పట్టించుకోలేదు.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఎందుకంటే ఈ మలుపు దగ్గరే నాకు ఈ కథమీద ఆసక్తి పుట్టింది. పాడాలని వచ్చిన మనిషిని, ‘నీ పాట మాకక్కర్లేదు’ అని లోకం అంటే ఏం చేస్తాడు? మన ఇళ్ళల్లో జరిగేదేమిటో మనకి తెలుసు. మనలో ఎంతమందికి పెళ్ళిచూపుల్లో పాడిన పాటే ఆఖరి పాట! వర్ణాలదాకా నేర్చుకున్నవాళ్ళున్నారు. కృతులు పాడినవాళ్ళున్నారు. హార్మోనియం అటకెక్కింది, వీణ గౌసెను కప్పుకుని గోడకి చేరింది. అడిగితే, ‘ఎప్పుడో నేర్చుకున్నానండీ, అంతా మరిచిపోయాను’ అంటారు. మరిచిపోరు. పక్కింటి పిల్ల సంగీతం క్లాసులో శ్రుతి తప్పితే, వంటింట్లో చారుకి పోపు వేస్తున్న ఆవిడ గరిటె ఠక్కున ఆగుతుంది. చెవి వుంది, చెప్పే అవకాశం లేదు. నాకు తెలిసినంతలో ఇలాటివాళ్ళు రెండు రకాలు. ఒకరు, ‘మా రోజుల్లో మేమైతేనా’ అని ఎవరు పాడినా తప్పులెన్నుతారు. రెండోరకం వాళ్ళు పక్కింటి పిల్లని పిలిచి, కూచోబెట్టి, ‘ఇలా పాడు తల్లీ’ అంటారు. బిద్దు ఆ రెండోరకం మనిషి అయ్యాడు.

1969లో టైగర్స్ అనే జపాను జట్టుచేత ఒక ఇంగ్లీషు పాట పాడించి రికార్డు చేశాడు. పాట రాసింది బీ జీస్ అన్నదమ్ములు బ్యారీ, మారిస్ గిబ్‌లు. అది జపానులో బాగా అమ్ముడైంది. బెంగుళూరు కుర్రాడు లండన్‌లో కూర్చుని జపాను గొంతులకి ఇంగ్లీషు పాట నేర్పడం, అది జపానులో నెగ్గడం! ప్రపంచం చిన్నదైపోతోందని అందరికంటే ముందు గ్రహించినవాళ్ళలో ఆయన ఒకడనిపిస్తుంది నాకు.

అసలు పేరు వచ్చింది మాత్రం 1974లో. అదీ పది నిమిషాల్లో.

కార్ల్ డగ్లస్ అని జమైకాలో పుట్టిన గాయకుడు లండన్‌లో వుండేవాడు. అతనిచేత ఒక పాట పాడించడానికి బిద్దు మూడు గంటలపాటు స్టూడియో తీసుకున్నాడు. రికార్డంటే రెండువైపులుండాలి కదా! ఒకవైపు అసలు పాట, రెండోవైపు ఏదో ఒకటి. వెనకవైపుని ఎవరూ వినరని అందరికీ నమ్మకం. ఆ మూడు గంటల్లో చాలావరకు అసలు పాటకే ఖర్చయిపోయింది. చివర్లో పది నిమిషాలు మిగిలితే, వెనకవైపుకోసం కార్ల్ రాసుకున్న పాటల్లోంచి ఒకటి తీసి, ట్యూను కట్టి, గబగబా రెండుసార్లు పాడించి ముగించేశారు. అప్పట్లో బ్రూస్‌లీ సినిమాల పుణ్యమాని పిల్లలంతా వీధుల్లో కుంగ్ ఫూ అంటూ గాల్లో తన్నుకుంటున్నారు. ఆ పాట దానిమీదే. వెనకవైపు పాటకి పరువు ప్రతిష్ఠల బాధ లేదు గనక హా, హూ అని అరుపులు కూడా నిస్సంకోచంగా పెట్టేశారు.

పై రికార్డ్స్ అనే కంపెనీకి తీసుకెళితే, అక్కడి పెద్దమనిషి రెండువైపులా విని, వెనకవైపుదే ముందువైపు పెట్టమన్నాడు. అంతే! ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ 1974 సెప్టెంబరులో ఇంగ్లండులో మొదటి స్థానానికి వెళ్ళింది. డిసెంబరులో అమెరికాలోనూ మొదటి స్థానమే. కోటికి పైగా కాపీలు అమ్ముడైందని చెబుతారు. మనకీ ఇలాటివి తెలియనివి కావు. అతిథులకోసం రోజంతా కష్టపడి బొబ్బట్లు చేస్తే, వాళ్ళు మిగిలిన పప్పుతో చివర్లో చేసిన పచ్చడిని పొగిడి వెళతారు. అయితే ఒక్క మాట. పది నిమిషాల్లో ఆ పచ్చడి కుదరాలంటే ఆ చెయ్యి పదేళ్ళుగా గరిటె తిప్పి వుండాలి. అంతకుముందు హోటళ్ళలో పాడిన రాత్రులూ, జీతం మిగిల్చి స్టూడియోలో గడిపిన గంటలూ లేకపోతే, ఆ పది నిమిషాలకి ఫలితం వుండేది కాదు.

ఆ తరవాత టీనా చార్లెస్ అనే లండన్ అమ్మాయి వచ్చింది. ఇతరుల రికార్డుల్లో వెనక గొంతు కలుపుతూ వుండే పిల్ల. బిద్దు ఆ గొంతుని ముందుకి తెచ్చాడు. 1976 మార్చిలో ఆమె పాట ఇంగ్లండులో మొదటి స్థానంలో మూడువారాలు నిలబడింది. ఆమె పాటలకి బేస్ గిటారు వాయించే ట్రెవర్ హార్న్ అనే కుర్రాడు బిద్దు పని చేసే తీరు చూసి చూసి నేర్చుకున్నాడు. అతనూ 1979లో సొంతంగా పాడి ఒక పెద్ద హిట్టు కొట్టాడు, తరవాత పాడటం తగ్గించి ఇంగ్లండులో పేరుమోసిన ప్రొడ్యూసరయ్యాడు. గురువు దారే శిష్యుడికీ పట్టుబడింది.

ఇంతకీ బిద్దు పేరుతో రికార్డులు రాలేదా అంటే వచ్చాయి. ‘బిద్దు ఆర్కెస్ట్రా’ అనే పేరుతో 1975లో వచ్చిన రికార్డు ఇంగ్లండులో మొదటి ఇరవైలోకి వెళ్ళింది. చిత్రమేమిటంటే, అది వాద్యసంగీతంగా పేరు తెచ్చుకుంది. ఏ పాటకోసం ఇల్లూ వూరూ వదిలి వెళ్ళాడో, తీరా తన పేరు అట్టమీద పెద్ద అక్షరాల్లో పడేసరికి ఆ గొంతుతో పని లేకపోయింది.

ఇక మన కథలోకి వద్దాం.

‘ఖుర్బానీ’ సినిమా తీస్తున్న ఫిరోజ్ ఖాన్ కూడా బెంగుళూరులో పుట్టినవాడే. తన సినిమాకి ఒక్క పాట లండన్‌లో తయారుచేసి ఇమ్మని బిద్దుని పట్టుకున్నాడు. సినిమాలో మిగతా పాటలకి సంగీతం కళ్యాణ్‌జీ ఆనంద్‌జీలది. ఈ ఒక్కటీ బిద్దుది, పాట రాసింది ఇందీవర్. తెరమీద పాడాల్సింది జీనత్ అమన్. ఇంతవరకూ బాగానే వుంది, మరి తెర వెనక ఎవరు పాడాలి? ఆ రోజుల్లో హిందీ సినిమాలో ఆడగొంతు అంటే లతా, లేకపోతే ఆశా. ఇంకెవరి పేరన్నా చెబితే నిర్మాతలకి నిద్ర పట్టదు. అలాటిది, లండన్‌లో చదువుకుంటున్న ఒక స్కూలుపిల్ల గొంతు ఫిరోజ్ ఖాన్ చెవిన పడింది. కరాచీలో పుట్టిన పిల్ల, పేరు నాజియా హసన్. వయసు పదిహేను. వెళ్ళి బిద్దుకి పాడి వినిపించమన్నాడు.

ఆ గొంతు మీకు గుర్తుందా? మన లెక్కప్రకారం అది సంగీతం తెలిసిన గొంతు కాదు. గమకాలు లేవు, సంగతులు లేవు. కాస్త ముక్కుతో పాడినట్టుంటుంది. స్కూలునుంచి ఇంటికొచ్చిన పిల్ల పుస్తకాల సంచీ బల్లమీద పడేసి కూనిరాగం తీస్తే ఎలా వుంటుందో అలా వుంటుంది. ఇంకొకరెవరైనా అయితే, ‘గొంతు బాగుందమ్మా, ఐదేళ్ళు నేర్చుకుని రా’ అనేవారు. బిద్దు అలా అనలేదు. పిల్లని పాటకి తగ్గట్టు దిద్దటం మాని, పాటని పిల్లకి తగ్గట్టు కట్టాడు. ఎక్కువ పైకి వెళ్ళదు, ఎక్కువ కిందికి దిగదు, చిన్న చిన్న మాటలు, వెనకాల గుండె కొట్టుకున్నట్టు ఆగకుండా డ్రమ్ము. ఆ డ్రమ్ము చేసే సందడి మధ్య ఆ పిల్లగొంతు ఏ కంగారూ లేకుండా నిలబడుతుంది. తనని కాదన్న లోకంలో తాను నేర్చుకున్నది అదేననుకుంటాను. ప్రతి గొంతుకీ సరిపడే పాట ఒకటుంటుంది, దాన్ని వెతికిపెట్టడం వినేవాడి పని.

ఆ పాట చప్పుడు మనకి కొత్తగా వినపడటానికి మరో కారణం కూడా వుంది. అప్పట్లో మన సినిమా పాటల రికార్డింగంటే వయొలిన్లవాళ్ళూ, తబలావాళ్ళూ, గాయకులూ అందరూ చేరి ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ముగించడమే. చివరి చరణంలో ఒక ఫ్లూటాయన తడబడితే మళ్ళీ మొదటికి. లండన్‌లో బిద్దు వాడింది 24 ట్రాకుల టేపు. అంటే ఒకే టేపుమీద 24 దారులు, ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్క దారి. డ్రమ్ము ఇవాళ, గిటారు రేపు, గొంతు ఎల్లుండి రికార్డు చేసుకోవచ్చు. అన్నీ అయ్యాక ఏది ఎంత వినపడాలో తీరిగ్గా కలుపుకోవచ్చు. కూర, పప్పు, చారు వేరువేరు పొయ్యిలమీద వండి, ఉప్పూ కారం విడివిడిగా సరిచూసుకుని, ఒకే విస్తట్లో వడ్డించినట్టన్నమాట. అందుకే ఆ పాట మన పాత రేడియోలో వేసినా డ్రమ్ము దెబ్బ డ్రమ్ము దెబ్బలాగే, గొంతు గొంతులాగే వినపడేది.

ఆ తరవాత జరిగింది మీకు తెలుసు. 1981లో ఫిల్మ్‌ఫేర్ బహుమతి ఉత్తమ గాయనిగా నాజియాకి వచ్చింది. పదిహేనేళ్ళ పిల్ల, అదీ పాకిస్తాన్ పిల్ల! దేశంలో డిస్కో జ్వరం మొదలైంది. 1982లో హిందీలో ‘డిస్కో డాన్సర్’ వచ్చింది. 1984లో తెలుగులో బాలకృష్ణ ‘డిస్కో కింగ్’ వచ్చింది. ‘ఇదేం పాటే అమ్మాయ్, గుండె దడ పుట్టుకొస్తోంది, కాస్త తగ్గించు’ అనని పెద్దవాళ్ళు లేరు, తగ్గించిన పిల్లలూ లేరు.

అంతకంటే పెద్ద సంగతి ‘డిస్కో దీవానే’. 1981లో నాజియాచేతా, ఆమె తమ్ముడు జోహెబ్‌చేతా పాడించి బిద్దు తయారుచేసిన రికార్డు అది. దానికి సినిమా లేదు. హీరో లేడు, హీరోయిన్ లేదు, కథ లేదు. మన దేశంలో సినిమాది కాని పాట ఇంట్లోకి రావాలంటే అంతవరకూ రెండు మూడు దారులే వుండేవి. ఒకటి దేవుడి పాట, రెండు ఆకాశవాణివారి లలితగీతం. రజనీకాంతరావుగారి పాటలూ, బాలసరస్వతీదేవిగారి గొంతూ మనింట్లోకి అలా వచ్చినవే. ఘంటసాల భగవద్గీత లేని తెలుగిల్లు వుండేదా! కుర్రకారు తమకోసం, కేవలం సరదాకోసం, సినిమా చూడకుండానే ఒక రికార్డు కొనుక్కోవడం మాత్రం కొత్త. అది అటు పాకిస్తాన్‌లోనూ, ఇటు ఇండియాలోనూ ఒకేసారి మోగింది. రెండు దేశాలమధ్య యుద్ధాలు జరిగి పదేళ్ళే అయింది. రెండువైపులా పిల్లలు ఒకే పాటకి గంతులేశారు. ఆ సరిహద్దుని పాట దాటినంత సులువుగా మనుషులు దాటలేకపోయారు. అది నాజియా జీవితంలోనే తెలిసివచ్చింది.

ఆ కథ ఇది. 1990ల్లో బిద్దు నాజియాకోసమని ఒక పాట కట్టాడు. అదే ‘మేడిన్ ఇండియా’. అప్పటికి నాజియా పెద్దదయింది, లండన్‌లో చదువుకుంది, ఐక్యరాజ్యసమితిలో పనిచేసింది. పాట విని, తాను పాడనంది. ఇండియా పేరెత్తి మురిసిపోయే పాట ఒక పాకిస్తాన్ అమ్మాయి పాడితే తన దేశంలో తనవాళ్ళు నొచ్చుకుంటారని ఆమె భయం. పదిహేనేళ్ళప్పుడు చేతిలో పెట్టిన పాట పాడిన పిల్ల, ముప్ఫైయేళ్ళు వచ్చేసరికి తన గొంతుతో ఏది పలకాలో ఏది పలకకూడదో తానే నిర్ణయించుకుంది. పెద్ద పాట చేజారిందని లెక్కవేసేవాళ్ళు లెక్కవేసుకోవచ్చు. నాకు మాత్రం ఆ ‘వద్దు’ ఆమె పాడిన ఏ పాటకీ తీసిపోదనిపిస్తుంది. గొంతు కనిపెట్టినవాడిదా, పాడినవాళ్ళదా అంటే, ఎన్ని ట్రాకులున్నా చివరికి పాడినవాళ్ళదే. 

ఆ పాట అలీషా చినాయ్ పాడింది. 1995లో మాగ్నాసౌండ్ కంపెనీ విడుదల చేసింది. అప్పటికి ఇళ్ళల్లోకి కేబుల్ టీవీ వచ్చేసింది. రాకుమారి స్వయంవరం, పెట్టెలోంచి బయటికొచ్చే మిలింద్ సోమన్, అబ్బో, ఆ వీడియో చూసి సిగ్గుపడినట్టు నటిస్తూ రెండోసారి చూసినవాళ్ళు మనలో ఎంతమందో! లక్షల కేసెట్లు అమ్ముడుపోయాయి. సినిమాతో పని లేకుండా పాటవాళ్ళు సొంతకాళ్ళమీద నిలబడగలరని అప్పటికి అందరికీ నమ్మకం కుదిరింది. ఆ తరవాత కొన్నేళ్ళపాటు వారానికొక కొత్త పాప్ కేసెట్టు వచ్చింది. ఇంకో విశేషం చూశారా? ఇండియా గురించిన ఆ పాట కట్టినవాడు ముప్ఫైయేళ్ళ క్రితం ఇండియాలో తన పాటకి చోటు చాలక లండన్ వెళ్ళినవాడు. 2010లో తన జీవితకథ పుస్తకంగా రాసుకున్నప్పుడు దానికి కూడా ఆ పేరే పెట్టుకున్నాడు.

నాజియా కథ మాత్రం తొందరగా ముగిసింది. ఊపిరితిత్తుల క్యాన్సరుతో 2000 సంవత్సరం ఆగస్టు 13న లండన్‌లో చనిపోయింది. ముప్ఫై అయిదేళ్ళు. ఆవిడకి అప్పటికి చిన్న కొడుకు. ఆ వార్త చదివిననాడు నేను లెక్కవేసుకున్నాను. మనం ఆమెని పదిహేనేళ్ళ పిల్లగానే గుర్తుపెట్టుకున్నాం, ఆమెకి పెళ్ళయిందనీ, బిడ్డ పుట్టిందనీ, జబ్బు చేసిందనీ మన మనసుకి తట్టనేలేదు. పాటలో గొంతుకి వయసు రాదు కదా, దాంతో వచ్చిన చిక్కు అది.

కేసెట్టు అట్టమీద గాయని బొమ్మ వుంటుంది, పేరు పెద్ద అక్షరాల్లో వుంటుంది. వెనకవైపు తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో పేరుంటుంది. మనకి చదువుకునే ఓపికా వుండదు, చత్వారం వచ్చాక చూపూ ఆనదు. ఇంట్లో ఇంకా ఆ కేసెట్లు ఎక్కడన్నా మిగిలివుంటే, మనవరాలిచేతనైనా సరే, ఆ చిన్న అక్షరాలు ఒకసారి చదివించుకోండి. తాను పాడాలనుకుని పాడలేకపోయిన మనుషులు వినే తీరే వేరు. పదిమందిలో సన్నగా వినిపించే గొంతుని వాళ్ళు పోల్చుకుంటారు. అది తమ గొంతులా లేదని చిన్నబుచ్చుకోరు, తమలా పాడమని సతాయించరు.

2012లో ఒక హిందీ సినిమాలో ‘డిస్కో దీవానే’ పాటని కొత్త వాద్యాలతో మళ్ళీ పెట్టారు. కొత్త గాయకులు పాడారు. మధ్యలో నాజియా పాత గొంతు అలాగే వుంచారు. ఆమె పోయి అప్పటికి పన్నెండేళ్ళు. ఆమె పేరు కూడా తెలియని పిల్లలు ఆ సంవత్సరమంతా కాలేజీ వార్షికోత్సవాల్లో దానికి నాట్యం చేశారు. వాళ్ళ చుట్టూ వాద్యాల హోరు ఎంత పెరిగినా, ఆ స్కూలుపిల్ల గొంతు మాత్రం గమకాలు లేకుండా, కంగారు లేకుండా, ముప్ఫైయేళ్ళ క్రితం లండన్‌లో అప్పయ్య ఎలా విన్నాడో అలాగే వుంది.